అచ్చుతో రావియోలీ: పూర్ణం బయటికి రాకుండా ఎలా?



ఇటలీ దేశంలో రావియోలీ అనే వంటకం ఉంది. పలుచగా ఒత్తిన రెండు గోధుమపిండి పొరల మధ్య కొంచెం పూర్ణం ఉంచి, అంచులు మూసి, ఉప్పునీటిలో ఉడికించి తింటారు. ఒక్కొక్కటి చిన్న దిండువలె, చుట్టూ రంపపు పళ్లవంటి అంచుతో ఉంటుంది. బొమ్మ చూడగానే మీకు కజ్జికాయ గుర్తుకు రావచ్చు. ఆ పోలిక సరైనదే. కజ్జికాయలోనూ పలుచని పిండి పొర, లోపల పూర్ణం, ఒత్తి మూసిన అంచు ఉన్నాయి. మన మలేషియా వీధులలో అమ్మే కరిపాప్ కూడా ఈ కుటుంబానికి చెందినదే.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. కజ్జికాయను, కరిపాప్‌ను నూనెలో వేయిస్తాము. రావియోలీని నీటిలో ఉడికిస్తారు. వేడి నూనెలో పడగానే పిండి గట్టిపడి పెంకువలె నిలుస్తుంది. నీటిలో పడిన పిండి మెత్తబడుతుంది. మెత్తబడుతున్న ఆ సమయంలోనే అంచు ఊడితే పూర్ణం మొత్తం నీటిలో కలిసిపోతుంది. గంటసేపు శ్రమించి చేసినది మూడు నిమిషాలలో చప్పని పులుసు అవుతుంది. కాబట్టి రావియోలీ చేయడం నేర్చుకోవడమంటే అంచు ఊడకుండా మూయడం నేర్చుకోవడమే. అంగడిలో దొరికే చిన్న అచ్చు ఈ పనిలో సాయపడుతుంది. కాని మూసే పని అంతా అచ్చు చేయదు. అది చేసేదెంత, మనం చేయవలసినదెంత అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా పేరు గురించి ఒక మాట. ఇటాలియన్ భాషలో 'రావియోలో' ఏకవచనం, 'రావియోలీ' బహువచనం. మనం 'రావియోలీలు' అంటే బహువచనానికి మరొక బహువచనం చేర్చినట్లే. అయినా వేరే భాష నుండి వచ్చిన మాటను మన భాష తన పద్ధతిలో మలచుకోవడం తప్పు కాదు. ఈ పాఠంలో మాత్రం రావియోలీ అనే వ్రాస్తాను.

ఈ వంటకం చాలా పాతది. పార్మా నగరానికి చెందిన సలింబేనె అనే క్రైస్తవ సన్యాసి తన చరిత్ర గ్రంథంలో, 1284వ సంవత్సరపు ముచ్చటగా, పిండి పొర లేని రావియోలీ తిన్నానని వ్రాశాడు. పిండి పొర లేకపోవడం ఆయనకు వింతగా తోచిందంటే, పొర ఉన్నది అప్పటికే అందరికీ తెలిసినదన్నమాట. తరువాత 14వ శతాబ్దంలో బొకాచో అనే రచయిత 'డెకామెరాన్' అనే కథల గ్రంథంలో ఒక ఊహాలోకాన్ని వర్ణించాడు. అక్కడ తురిమిన పార్మెసాన్ చీజ్‌తో ఒక కొండ ఉంటుందట. ఆ కొండమీద ఉన్నవారు రోజంతా మకరోనీ, రావియోలీ చేసి, కోడి రసంలో ఉడికించి కిందికి దొర్లిస్తారట. కింద ఎవరికి ఎన్ని దొరికితే అన్ని! ఆకలి ఎరిగిన కాలంలో మనుషులు ఇటువంటి కలలు కనడం సహజమే కదా.

ఇటలీలో ప్రాంతానికొక పేరు, ప్రాంతానికొక ఆకారం ఉన్నాయి. వాయవ్యాన ఉన్న పియెమోంతే ప్రాంతంలో ఇటువంటి వంటకాన్ని అన్యొలొత్తి అంటారు. అందులో ఒక రకానికి 'ప్లిన్' అని పేరు. వారి మాటలో దానికి గిల్లడం అని అర్థం. పూర్ణం మీదుగా పిండిని మడిచి, మధ్యమధ్య బొటనవేలు చూపుడువేలు కలిపి గిల్లుతారు. సార్డీనియా ద్వీపంలో కులుర్జోనెస్ చేసేవారు అంచును ఒకదానిమీద ఒకటిగా మడిచి గోధుమ వెన్నువలె అల్లుతారు. కరిపాప్ అంచు మడిచే చేతులను గమనించినవారికి ఆ పని కొత్తగా అనిపించదు. ఈ రెండింటికీ అచ్చు అక్కరలేదు. అనుభవం ఉన్న వేళ్లు చాలు. అంత అనుభవం లేనివారికోసమే అచ్చు.

'అచ్చు' అనే మాటను మీరు తరగతిలో మొదట విన్నది అక్షరాల గురించి చెప్పినప్పుడు. అ, ఆ, ఇ, ఈ అచ్చులు. పుస్తకం అచ్చు వేయించాము అన్నప్పుడు అర్థం వేరు. కజ్జికాయల అచ్చు అన్నప్పుడు, మెత్తని పదార్థానికి ఒక ఆకారమిచ్చే పనిముట్టు అని అర్థం. రావియోలీ అచ్చు ఈ చివరి రకానిది. సాధారణంగా అది అల్యూమినియంతో చేసిన దీర్ఘచతురస్రాకారపు పలక. దానిమీద పది, పన్నెండు లేదా అంతకన్న ఎక్కువ గుంతలు వరుసలుగా ఉంటాయి. ప్రతి గుంత చుట్టూ కొంచెం చదునైన చోటు, ఆ చోటును దాటి రంపపు పళ్లవలె పైకి లేచిన గట్టు ఉంటాయి. దానితోపాటు, బుడిపెలు గల మరొక పలక కూడా ఇస్తారు. ఆ బుడిపెలు సరిగా గుంతలలో కూర్చుంటాయి.

ఈ మూడు భాగాలను జాగ్రత్తగా గమనించండి. గుంత పూర్ణానికి చోటిస్తుంది. గట్టు పిండిని కోస్తుంది. మధ్యనున్న ఆ చదునైన చోటిలోనే రెండు పొరలు ఒకదానికొకటి అంటుకోవాలి. అది చాలా సన్నని చోటు. అక్కడ పూర్ణం మరక పడినా, పొడిపిండి ఎక్కువైనా, గాలి చిక్కినా పొరలు అంటవు. గట్టు పైన ఎంత అందంగా కోసినా ప్రయోజనం లేదు.

ఇక పిండి. ఉత్తర ఇటలీ ఇళ్లలో వాడే కొలత గుర్తుంచుకోవడం సులభం: నూరు గ్రాముల మైదాకు ఒక కోడిగుడ్డు. నలుగురికి 300 గ్రాముల మైదా, మూడు గుడ్లు సరిపోతాయి. పిండిని పీటపై కుప్పగా పోసి, నడుమ గొయ్యి చేసి, గుడ్లు అందులో పగులగొట్టి, ముల్లు చెంచాతో మెల్లగా చుట్టూ ఉన్న పిండిని లోపలికి కలుపుకొంటూ రావాలి. ముద్ద అయిన తరువాత అరచేతి మడమతో ముందుకు నెట్టుతూ, మడుస్తూ, పది నిమిషాలు మర్దించాలి. మొదట గరుకుగా, విరిగిపోతూ ఉన్న ముద్ద క్రమంగా నునుపుగా మారుతుంది. వేలితో నొక్కితే మెల్లగా తిరిగి పైకి వస్తుంది.

ఆ మార్పుకు కారణం గోధుమలో ఉన్న మాంసకృత్తులు. వాటికి తడి తగిలి, మర్దన జరిగినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని సాగే వలగా ఏర్పడతాయి. దానిని గ్లూటెన్ అంటారు. బియ్యపు పిండిలో ఈ వల ఏర్పడదు. అందుకే బియ్యపు పిండిని చల్లని నీటితో కలిపి పలుచని పొరగా ఒత్తబోతే చీలిపోతుంది.

మర్దించిన వెంటనే ఒత్తకూడదు. వల బిగుసుకొని ఉంటుంది. కర్రతో ఎంత ఒత్తినా పిండి రబ్బరువలె వెనక్కి ముడుచుకుంటుంది. ముద్దపై మూత పెట్టి అరగంట వదలాలి. అప్పుడు వల సడలి పిండి చెప్పినట్టు సాగుతుంది. ఈ సంగతి మన ఇళ్లలోనూ తెలిసినదే. బొబ్బట్లకు కలిపిన పిండిని గంటల తరబడి నానబెట్టేది ఇందుకే. అమ్మమ్మలకు గ్లూటెన్ అనే పేరు తెలియకపోవచ్చు. నానని పిండి సాగదని మాత్రం బాగా తెలుసు.

గుడ్లు తిననివారు ఏమి చేయాలి? దక్షిణ ఇటలీలో గుడ్లు లేకుండా, డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వను మెత్తగా విసరగా వచ్చిన పిండిని నీటితో కలిపి పాస్తా చేసే పద్ధతి ఉంది. పెంకు తీసిన గుడ్డు బరువు సుమారు 50 గ్రాములు. అంటే మనం నూరు గ్రాముల పిండికి 50 గ్రాముల తడి కలుపుతున్నామన్నమాట. గుడ్డుకు బదులు నీరు వాడినా లెక్క ఇంచుమించు అదే: రెండు పాళ్లు పిండి, ఒక పాలు గోరువెచ్చని నీరు. నీటిని ఒక్కసారిగా పోయవద్దు. మన వాతావరణంలో తేమ ఎక్కువ. నిల్వ ఉన్న పిండి కొంత తేమను ముందే పీల్చుకొని ఉండవచ్చు. చివరి రెండు చెంచాల నీరు చేతిలో ఉంచుకొని, అవసరమైతేనే కలపాలి.

పిండి నానుతుండగా పూర్ణం సిద్ధం చేసుకోవచ్చు. మనం పూర్ణమంటే తీపి అనుకుంటాము. రావియోలీలో పెట్టేది ఎక్కువగా కారం లేని ఉప్పని పూర్ణం. ఇటలీలో అందరికీ తెలిసినది రికొత్తా, పాలకూర కలిపినది. చీజ్ చేయగా మిగిలిన పాల తేటను మళ్లీ కాచి తీసే మెత్తని పదార్థం రికొత్తా. ఆ మాటకు 'మళ్లీ వండినది' అని అర్థం. అది దొరకనప్పుడు ఇంట్లో పాలు విరిచి చేసిన పనీరును చేత్తో మెత్తగా మెదిపి వాడవచ్చు. రుచి పూర్తిగా ఒకటి కాకపోయినా పని జరుగుతుంది. పావు కిలో పనీరుకు, ఉడికించి పిండిన పాలకూర ఒక గుప్పెడు, తురిమిన చీజ్ 50 గ్రాములు, ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇటలీవారి అసలు పార్మెసాన్ చీజ్‌ను చేయడానికి పాలను దూడ పొట్టలోనుండి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో గడ్డ కట్టిస్తారు. కనుక శాకాహారులు దానిని తినరు. ఇంటికి వచ్చే స్నేహితులలో శాకాహారులు ఉన్నా, హలాల్ నియమం పాటించేవారు ఉన్నా ప్యాకెట్టు మీద వ్రాసినది చదివి కొనాలి. అందరితో కలిసి తినడానికే కదా ఇంత శ్రమ.

పూర్ణంలో రుచికన్న ముందు చూడవలసినది తడి. పాలకూరను ఉడికించి చల్లార్చి, రెండు చేతుల మధ్య గట్టిగా పిండండి. అయిపోయిందనుకున్నాక ఒక శుభ్రమైన గుడ్డలో మూటకట్టి మరొకసారి పిండండి. అప్పుడు కూడా నీరు వస్తుంది! పనీరును సైతం గుడ్డలో వేలాడదీసి నీరంతా దిగనివ్వాలి. పూర్ణం తడిగా ఉంటే కింది పొర నాని చిరుగుతుంది. చెంచాతో తీసుకొని తలకిందులు చేస్తే జారకుండా నిలిచే పూర్ణం సరైన పూర్ణం. కజ్జికాయలో కొబ్బరి, బెల్లం పాకం గట్టిపడేవరకు ఎందుకు వేయిస్తారో ఆలోచించండి. అక్కడా భయం తడి గురించే.

నానిన ముద్దను నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని బయట ఉంచి, తక్కినవాటిపై మూత పెట్టండి. అప్పడాల కర్రతో అచ్చు కన్న అన్ని వైపులా రెండు వేళ్లు పెద్దదిగా ఉండేలా ఒత్తండి. మందం ఒక మిల్లీమీటరు ఉండాలి. చేతిపై పరిస్తే వేళ్ల నీడ కనబడాలి. ఎందుకింత పలుచగా? అంచు దగ్గర రెండు పొరలు కలుస్తాయి. పొర మందంగా ఉంటే మధ్యభాగం ఉడికి మెత్తబడినా అంచు పచ్చిగా, గట్టిగా మిగిలిపోతుంది. పాస్తా ఒత్తే చిన్న యంత్రం ఉంటే పని తేలిక. లేకపోయినా ఫరవాలేదు. చపాతీ ఒత్తడం వచ్చిన చేతికి ఇది కొంచెం ఓపిక పని, అంతే.

ఇప్పుడు అచ్చు పని మొదలవుతుంది. అచ్చు మీద పొడిపిండి చల్లి, ఎక్కువైనది దులిపేయండి. మొదటి పొరను వదులుగా పరచండి. బుడిపెల పలకతోగాని, వేలి కొనతోగాని ప్రతి గుంతలోకి మెల్లగా దించండి. లాగి దించితే అడుగు చిరుగుతుంది. ఒక్కొక్క గుంతలో ఒక చిన్న చెంచా పూర్ణం పెట్టండి. గుంత అంచుకన్న పూర్ణం పైకి రాకూడదు. ఇక్కడే చాలామందికి ఆశ ఎక్కువవుతుంది. ఇంకొంచెం పెడితే ఇంకా బాగుంటుందనిపిస్తుంది. ఆ ఇంకొంచెమే చదునైన చోటికి పాకి, పొరలను అంటనివ్వదు.

తరువాత వేలిని నీటిలో ముంచి, గుంతల మధ్యనున్న చోట తడి అద్దండి. పొడిపిండి రేణువులు తడిసి జిగురుగా మారడానికి ఆ తడి చాలు. నీరు ఎక్కువైతే పొరలు అంటుకోవడానికి బదులు ఒకదానిపై ఒకటి జారుతాయి. అప్పుడే ఒత్తిన గుడ్డు పిండి తానే తడిగా ఉంటే అసలు నీరే అక్కరలేదు.

రెండవ పొరను ఒక్కసారిగా పైన పడవేయవద్దు. ఒక చివర ఆనించి, చాప పరచినట్టు రెండవ చివరికి తీసుకొని వెళ్లండి. వెళ్తూ వెళ్తూ వేళ్లతో గుంతల చుట్టూ నిమిరి లోపలి గాలిని ముందుకు తోయండి. ఈ పాఠంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే ఈ వాక్యం గుర్తుంచుకోండి. అప్పడాల కర్రను తీసుకొనేది ఆ తరువాతే. మొదట తేలికగా, తరువాత బలంగా దొర్లించాలి. గట్టు పళ్లు పిండిలోనుండి తెల్లగా బయటికి కనబడేవరకు దొర్లించాలి. అంచున మిగిలిన పిండిని తీసివేసి, అచ్చును బోర్లించి మెల్లగా తడితే రావియోలీ రాలుతాయి. ఒకటి రెండు అంటుకొని వేలాడితే వేలితో సాయం చేయండి.

గాలి గురించి అంతగా ఎందుకు చెప్పానో ఇప్పుడు వివరిస్తాను. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుందని విజ్ఞానశాస్త్ర పాఠంలో చదివారు. మన వంటగది గాలి 30 డిగ్రీల వేడిలో ఉందనుకోండి. అదే గాలి నీరు మరిగే 100 డిగ్రీలకు చేరితే దాని పరిమాణం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. అంతటితో ఆగదు. పూర్ణంలోని తడి కూడా ఆవిరిగా మారి ఆ గాలి బుడగలోకే చేరుతుంది. బుడగ ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న పిండి అదే సమయంలో నీటిలో నాని మెత్తబడుతోంది. లోపలినుండి నెట్టు పెరుగుతూ, బయటి గోడ బలహీనమవుతూ ఉంటే ముందుగా తెగేది ఎక్కడ? అతికించిన చోట. కాబట్టి అంచును ఎంత గట్టిగా ఒత్తామన్నదానితోపాటు, లోపల గాలి ఎంత తక్కువ ఉన్నదన్నది కూడా అంతే ముఖ్యం. అచ్చు అంచును ఒత్తుతుంది. గాలిని తీసే పని మన వేళ్లదే.

చేసినవాటిని రవ్వ చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరచండి. మన ఉక్కపోతలో వాటిని ఎక్కువసేపు బయట ఉంచితే అడుగు తడిసి పళ్లేనికి అంటుకుంటుంది, పూర్ణం కూడా పాడవుతుంది. వెంటనే ఉడికించకపోతే పళ్లెంతో సహా ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడిన తరువాత సంచిలో వేసి దాచుకోవచ్చు. వాటిని కరగనివ్వకుండా నేరుగా వేడి నీటిలో వేయాలి. కోయగా మిగిలిన పిండి ముక్కలను పారవేయకండి. మళ్లీ ముద్దచేసి కాసేపు నానబెట్టి ఒత్తవచ్చు, లేదా అలాగే ఉడికించి పులుసులో వేసుకోవచ్చు. ఇటలీవారు అటువంటి వంకర ముక్కలకు కూడా 'మల్తాల్యాతి' అని పేరు పెట్టారు. 'సరిగా కోయనివి' అని దాని అర్థం!

ఉడికించేటప్పుడు పెద్దవారు పక్కన ఉండాలి. వెడల్పైన గిన్నెలో మూడు నాలుగు లీటర్ల నీరు మరిగించి, లీటరుకు సుమారు పది గ్రాముల ఉప్పు వేయండి. నీరు మరిగాక మంట తగ్గించండి. కుతకుత ఉడికే నీరు రావియోలీని గిన్నె గోడకు విసిరికొడుతుంది. మెల్లగా కదిలే నీటిలో కొన్ని కొన్నిగా దించండి. కాసేపటికి అవి పైకి తేలుతాయి. తేలగానే ఉడికినట్టే అని చాలామంది చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. లోపల మిగిలిన కొద్ది గాలి, ఆవిరి ఉబ్బడంవల్ల అవి తేలుతాయి. పిండి ఉడికిందో లేదో తెలియాలంటే మూడు నాలుగు నిమిషాల తరువాత ఒకదానిని తీసి అంచు కొరికి చూడాలి. మధ్యభాగం కాదు, అంచు. తరువాత చిల్లుల గరిటెతో మెల్లగా పైకి తీయండి. అన్నం వార్చినట్టు గిన్నెను వంచితే ఒకదానిపై ఒకటి పడి చిరుగుతాయి.

పాలకూర రావియోలీకి ఇటలీలో కరిగించిన వెన్న, అందులో వేయించిన సేజ్ ఆకులు చాలు. సేజ్ దొరకకపోతే వెన్నలో కరివేపాకు వేయించి చూడండి. నా అభిప్రాయంలో చాలా రుచిగా ఉంటుంది. అయితే దానిని ఇటలీ పద్ధతి అని ఎవరికీ చెప్పకండి. అది మన పద్ధతి.

ఆలోచించి వ్రాయండి

గుడ్లు లేకుండా 450 గ్రాముల పిండి కలపాలంటే సుమారు ఎంత నీరు కావాలి? మొదట ఎంత పోసి ఆగుతారు, ఎందుకు?

కజ్జికాయ పూర్ణాన్ని రావియోలీలో పెట్టి నీటిలో ఉడికిస్తే బెల్లానికి ఏమవుతుంది? అంచు గట్టిగా మూసుకొన్నప్పుడు ఒక జవాబు, ఊడినప్పుడు మరొక జవాబు వ్రాయండి.

పెద్దవారి సాయంతో రెండు రావియోలీ చేయండి. ఒకదానిలో గాలి పూర్తిగా తీయండి, మరొకదానిలో కావాలనే కొంత గాలి వదలండి. రెండింటినీ ఒకే గిన్నెలో ఉడికించండి. ఏది ముందు తేలింది? దేని అంచు ఊడింది? చూసినది చూసినట్టుగా ఐదు వాక్యాలలో వ్రాయండి.

కజ్జికాయ అంచును అచ్చు లేకుండా చేత్తో మడవడం మీ ఇంట్లో ఎవరికి వచ్చు? ఆ మడతకు వారు వాడే మాట ఏమిటో అడిగి, తరగతికి తీసుకొని రండి.